ఒక్కో వెంట్రుకా చేత్తో గీశారట

మెరుగులక్క మౌసు పట్టుకుందంటే పోయినవాళ్ళు కళ్ళు తెరుస్తారు. మాటవరసకి అన్నది కాదు ఇది. కళ్ళు మూసుకుని పడుకున్న ఫొటో ఒకటి తెచ్చి "మా నాన్నవి ఇదొక్కటే మిగిలిందండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళకి, సాయంత్రానికల్లా కాలరు సర్దుకుని కాస్త నవ్వు మొహంతో ఉన్న నాన్నను చేతిలో పెట్టి పంపిన మనిషి ఆవిడ. ఒకసారి చెదలు తినగా ఒక చెవీ సగం మీసమూ మిగిలిన ఫొటో వచ్చింది. ఆ చెవి పట్టుకుని మొత్తం తాతను బయటికి లాగింది. ఆ ఇంటి ముసలావిడ ఫొటో చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు, గొడుగైనా తీసుకెళ్ళకుండా" అని తాతను నిలదీసిందట. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనీ. ఆ గొడుగు ఇప్పటికీ ఆ ఇంట్లో తలుపు వెనకే వేలాడుతోంది.

అలాంటి మనిషిని పట్టుకుని దొంగ అన్నారు. కథంతా అదే.

ఆవిడ షాపు బస్సులు తిరిగే మలుపులో, మందుల షాపుకీ తాళాలు బాగుచేసేవాడి బల్లకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో ఆవిడ కంప్యూటరు, వెనక గదిలో ఆవిడ భర్త నడిపే ఫ్లెక్సు మిషను. రెండు గదుల మధ్యా తలుపు లేదు. తలుపు పెడితే ఇద్దరిలో ఒకరు వీధిలో నిలబడాలి. వచ్చినవాళ్ళంతా ఆవిడను అక్కా అనే పిలుస్తారు. ఫొటోలకి మెరుగులు దిద్దుతుంది కాబట్టి చాటున మెరుగులక్క. చాటున పెట్టిన పేర్లలో అంత మర్యాదైన పేరు ఈ వీధిలో ఇంకెవరికీ లేదు. తాళాలవాణ్ణి ఏమంటారో అడక్కండి.

చదువు ఎనిమిదో తరగతి. ఆ తర్వాత ఒక ఫొటో స్టూడియోలో చీకటి గదిలో కూర్చుని, నెగెటివుల మీద పెన్సిలుతో మొటిమలు తీసే పని. స్టూడియోకి కంప్యూటరు వచ్చినప్పుడు యజమాని దాన్ని రోజూ తుడిచే పని ఈవిడకి అప్పగించాడు. తుడుస్తూ తుడుస్తూ నేర్చేసుకుంది. డిగ్రీలున్నవాళ్ళు పుస్తకం పక్కన పెట్టుకుని మెనూలు వెతుక్కుంటుంటే, ఈవిడ గుడ్డ పక్కన పెట్టి పని పూర్తిచేసేది.

అయితే ఒంటరిగా నేర్చుకోలేదు, ఆ మాట ఆవిడే చెబుతుంది. మంచు కురిసే ఏ ఊళ్ళోనో కూర్చున్న ఒకాయన మబ్బుల బ్రష్షు చేసి నెట్‌లో ఒక సైటులో ఊరికే పెట్టాడు. ఇంకెవరో చిరిగిన కాగితం అంచులు పెట్టారు, ఇంకెవరో అక్షరాలు పెట్టారు. డౌన్‌లోడు నొక్కితే వచ్చేసేవి. పేరడగలేదు, కులగోత్రాలడగలేదు, పైసా అడగలేదు. బ్రష్షంటే ఇక్కడ కుంచె కాదు. రబ్బరు స్టాంపు లాంటిది. ఒక ఆకారం ఉంటుంది, ఏ రంగు అద్దితే ఆ రంగులో ఫొటో మీద పడుతుంది. ఆ మబ్బుల బ్రష్షుతో మెరుగులక్క మొదటి ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ ఫొటోల వెనక ఆకాశాలు పెట్టింది. ఎండాకాలంలో కూడా ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ మబ్బు కిందే జరిగాయి.

"ఎవరో తవ్విన బావిలో నీళ్ళు తాగాం, మనమూ ఒక చేంతాడు వదిలి పోవాలి కదండీ" అని భర్తతో అని, తను చేసినవన్నీ అదే సైటులో పెట్టడం మొదలుపెట్టింది. వెనక గది గోడ పెచ్చులు. బస్సు అద్దం మీద వాన చుక్కలు. షాపు షట్టరు తుప్పు. ఆ తుప్పు ఇప్పుడు పదమూడు దేశాల పోస్టర్ల మీద ఉందని భర్త అంటాడు. ఆవిడ చూడలేదు. పద్నాలుగైనా కావచ్చు. ప్రతిదాంతో పాటూ ఒక చిన్న కాగితం ఫైలు పెట్టేది. అందులో మూడే మాటలు: వాడుకోండి. అమ్మకండి. నా పేరు తీసేసినా ఫరవాలేదు, మీ పేరు మాత్రం పెట్టుకోకండి.

పన్నెండేళ్ళలో పెట్టిన వాటన్నిట్లోకీ పేరు తెచ్చుకున్నది జుట్టు బ్రష్షు.

అది అత్తగారి జుట్టు. అత్తగారు పెద్దాసుపత్రిలో వార్డు ఆయా. తొమ్మిదేళ్ళ కిందటి మాట కాబట్టి అప్పటికి ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం. మనిషి పొట్టి, జుట్టు మోకాళ్ళ దాకా. తెల్లగా, తిన్నగా, ఈనె పుల్లల్లా విడివిడిగా ఉండేది. ఒక పెళ్ళికూతురి ఫొటోలో జుట్టు నల్ల రంగు పూసిన గోడలా ఉందని మెరుగులక్క తల పట్టుకుని కూర్చుంటే, అన్నం క్యారియరు తెచ్చిన అత్తగారు చూసి, "నాది పెట్టు, పోయేదేముంది" అంది.

ముందు తల నేరుగా స్కానరు గాజు మీద పెట్టించారు. పైన తువ్వాలు కప్పారు.

"అమ్మాయ్, ముక్కు నలుగుతోంది."

"ఒక్క నిమిషం అత్తయ్యా, కదలకండి."

"కదిలితే ఏమవుతుంది?"

"దెయ్యం బొమ్మ వస్తుంది."

"అది ఎలాగూ వస్తుంది," అన్నాడు కొడుకు వెనక గదిలోంచి. ఆ పూట అతని క్యారియరు తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

తలతో కుదరలేదు. చివరికి అత్తగారే కత్తెర తీసుకుని జానెడు పాయ కత్తిరించి, నల్ల అట్ట మీద వెంట్రుకలు పరిచి, అటూ ఇటూ ఆసుపత్రి ప్లాస్టరు అంటించి ఇచ్చింది. కట్టు కట్టడంలో నలభై ఏళ్ళ చెయ్యి కదా, ఒక్క వెంట్రుక జారలేదు. మెరుగులక్క ఆ అట్టను స్కాను చేసి బ్రష్షు చేసింది. తెల్ల జుట్టే అయినా నల్లరంగు అద్దితే నల్లగా, గోధుమరంగు అద్దితే గోధుమగా పడింది. ఆ ఏడాది నుంచి ఎక్కడెక్కడి పెళ్ళికూతుళ్ళో వార్డు ఆయా జుట్టు పెట్టుకుని అత్తారింటికి వెళ్ళారు.

ఒకసారి ఎవరో తెలియని అమ్మాయి సైటులో ఉత్తరం రాసింది. జబ్బు మందులకి తన జుట్టంతా రాలిపోయిందనీ, ఈ బ్రష్షుతో తన ఫొటోకి తనే జుట్టు పెట్టుకుని అద్దం పక్కన అతికించుకుందనీ, మళ్ళీ మొలిచేదాకా అదే చూసుకుంటాననీ. ఆ ఉత్తరం అత్తగారు పదకొండుసార్లు చదివించుకుంది. ప్రతిసారీ ఆఖర్న "మన జుట్టేగా" అనేది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఒక సోమవారం పొద్దున పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు ఒకడు పెన్‌డ్రైవు ఊపుకుంటూ వచ్చాడు.

"అక్కా, కొత్త సరుకు కొన్నాను. నీకు చూపిస్తే కళ్ళు తిరుగుతాయి."

తెరిచింది. కళ్ళు నిజంగానే తిరిగాయి. వెనక గది గోడ. షట్టరు తుప్పు. బస్సు అద్దం. అత్తగారి జుట్టు. అన్నిటి మీదా డైరెక్టరు పేరు, డైరెక్టరు సంస్థ పేరు, కింద ఎర్రటి అక్షరాల్లో ‘అనుమతి లేకుండా వాడితే చర్య తీసుకోబడును’.

డైరెక్టరంటే సినిమా డైరెక్టరు కాదు. ఎదురు వీధిలో రెండో అంతస్తులో డిజైను నేర్పే సంస్థ పెట్టిన పెద్దమనిషి. ఈవిడ షాపు గుమ్మంలో నిలబడి తల ఎత్తితే ఆయన హోర్డింగే కనిపిస్తుంది: కోటు, చేతులు కట్టుకున్న భంగిమ, నుదుటి మీద పడుతున్న ఒత్తైన జుట్టు. అసలు మనిషి తల మీద ఈగ వాలితే జారి పడుతుంది. అది ఆయన తప్పు కాదు, ఎవరి తల వాళ్ళది. కానీ ఆ హోర్డింగు మీది జుట్టు మాత్రం ఆయనది కాదు.

"ఇవి నేను చేసినవిరా. ఊరికే దొరుకుతాయి," అంది మెరుగులక్క.

ఫొటోగ్రాఫరు తల గోక్కున్నాడు. "ఊరికే దొరికేదాన్ని కొన్నానని మా ఆవిడకి చెప్పకక్కా."

ఆ రోజే డైరెక్టరు పేజీలో మెరుగులక్క మర్యాదగా రెండు ముక్కలు రాసింది: ‘ఇవి నావి. ఉచితం. దయచేసి అమ్మకండి.’ దయచేసి అని కూడా రాసింది. దాని ఫలం మర్నాడు తెలిసింది. ఆవిడ ఖాతాకి తాళం. సైటువాళ్ళ లేఖ: మీరు వేరొకరి సృజనను మీదిగా చూపుతున్నారని ఒక ప్రతిష్ఠాత్మక సంస్థ నుంచి ఫిర్యాదు అందింది, ఏడు రోజుల్లో అసలు ఫైళ్ళతో రుజువు చూపకపోతే మీరు పెట్టినవన్నీ శాశ్వతంగా తొలగిస్తాం, మీ ఓపికకు ధన్యవాదాలు.

ఆవిడ జవాబు రాసింది. పన్నెండేళ్ళుగా పెడుతున్నాను, తేదీలు మీ దగ్గరే ఉన్నాయి చూసుకోండి అని. అరనిమిషంలో అదే లేఖ మళ్ళీ వచ్చింది. ఇంకోసారి రాసింది. మళ్ళీ అదే, ఓపికకు ధన్యవాదాలతో సహా.

"నాకు ఓపిక ఉందని వీళ్ళకెవరు చెప్పారండీ?" అంది భర్తతో.

"చదివేది మిషనే. మన ఫ్లెక్సు మిషనే నయం, తప్పు ప్రింటైతే కనీసం గుర్రుమంటుంది," అన్నాడు ఆయన.

అసలు ఫైళ్ళున్న పాత కంప్యూటరు డిస్కు మూడేళ్ళ కిందట కాలిపోయింది. పొగ కూడా వచ్చింది. అయినా అటక మీంచి దింపించి, ఏమైనా బతికుందేమోనని చూసింది. శవపరీక్ష లాగా జరిగింది ఆ పని. ఏమీ లేదు.

మెరుగులక్క రెండో అంతస్తు మెట్లెక్కింది. ఆ గదిలో ఏసీ చలి చూస్తే శవాలు కూడా దుప్పటి అడుగుతాయి. గోడ నిండా సర్టిఫికెట్లు, వాటి మధ్యన డైరెక్టరు. మంచినీళ్ళిచ్చాడు. మేడమ్ అన్నాడు. అలాంటివాళ్ళు మేడమ్ అంటే గీరినట్టుంటుంది.

"మేడమ్, మీరేం చదివారు?"

"ఎనిమిది."

"ఎనిమిదో సెమిస్టరా?"

"ఎనిమిదో తరగతి."

నవ్వలేదు, కానీ నవ్వు ఆపుకున్నట్టు కనిపించేలా చూసుకున్నాడు. "చూడండి. జుట్టు బ్రష్షంటే గాలి ఎటు వీస్తే వెంట్రుక ఎటు వంగుతుందో తెలియాలి. మా టీము మూడు నెలలు కూర్చుని ఒక్కో వెంట్రుకా చేత్తో గీసింది. మీలాంటివాళ్ళు ఎక్కడో దింపుకుని, మర్చిపోయి, మాదే అనుకుంటారు. తప్పులేదు, సహజం. ఒక పని చేద్దాం. మా బేసిక్ కోర్సులో మీకు సీటిస్తాను. రాయితీ కూడా."

మెరుగులక్క నీళ్ళు తాగకుండా లేచింది. గబగబా మెట్లు దిగింది. దొంగతనం చేశాడు, సరే. దొంగ అన్నాడు, సరే. ఎవరి పాయనో నెత్తిన పెట్టుకుని, ఆ పాయ పెట్టడం నీకు నేర్పుతాను రమ్మన్నాడు చూడండి, అక్కడ మండింది. వీధి దాటుతూ బస్సును కూడా చూసుకోలేదు. బస్సే ఆగింది.

షాపులోకి వచ్చి జరిగింది చెబుతుంటే భర్త పని ఆపి విన్నాడు. విని, మెల్లిగా అన్నాడు.

"రుజువు లేకేం. ఒకటుంది."

"ఏంటది?"

"ఈపి."

ఆవిడ గబుక్కున వెనక్కి చూసింది, వీధిలో ఎవరైనా విన్నారేమోనని.

ఇది ఇద్దరికే తెలిసిన రహస్యం. బ్రష్షు పెట్టిన మూడు నెలలకి ఒక సబ్బు కంపెనీ ఫ్లెక్సు వేస్తుండగా భర్త మిషను ఆపి, "ఏమేవ్, ఈ పిల్ల తలలో జానకో మెతుకు ఉందేంటి?" అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే మెతుకు కాదు. వెంట్రుకకి అంటుకుని, ఒక పక్కకి ఒరిగి, కోడిగుడ్డు ఆకారంలో చిన్నది. పేను గుడ్డు. స్కాను చేశాక దుమ్మూ ధూళీ తుడిచి బ్రష్షు చెయ్యాలి. తొందరలో ఆవిడ ఆ ఒక్కటీ చూడలేదు. ఫొటోల్లో చుక్కంత కూడా కనపడదు, ఇంటి గోడంత ఫ్లెక్సు మీద అయితే బియ్యపు గింజంత. తీసేద్దామనుకునేసరికి వేలమంది దింపుకున్నారు. లోకంలో ఇంతమంది అందగత్తెల తలల్లో ఒకే అమ్మ ఈపి పొదుగుతోంది.

"ఒక్కో వెంట్రుకా చేత్తో గీశామన్నాడు కదా. గీసేవాడు ఎవడైనా ఈపిని గీస్తాడా? అది అచ్చంగా తలలోంచి వచ్చిందే. అదొక్కటి చూపిస్తే చాలు," అన్నాడు భర్త.

"ఎవరి తల అని అడగరూ?"

అడుగుతారు. అడిగితే చెప్పాలి. అత్తగారు డెబ్బై ఏళ్ళుగా ఒకే ఒక్క గొప్ప చెప్పుకుంటుంది: ఇన్ని వేల తలలు దువ్వాను, నా తలకి ఒక్క పేను ఎక్కలేదు. చుట్టాల్లో ఏ పిల్ల తల గోక్కున్నా దువ్వెన పట్టుకుని బయల్దేరేది ఆవిడే. ఆ గొప్ప విని విని ఎదురింటి చిలక కూడా నేర్చుకుందంటారు. అలాంటి మనిషి పరువు తీసి వీధిలో పెట్టి బ్రష్షు గెలుచుకోవాలా?

"పోతే పోనీండి. పన్నెండేళ్ళు ఊరికే ఇచ్చాను, ఊరికే పోయిందనుకుంటాను," అంది మెరుగులక్క. అని, ఆ మధ్యాహ్నమంతా ఒక పాత ఫొటోలో ఒకే మొటిమను నాలుగుసార్లు తీసింది.

ఐదో రోజు ఒంటిగంటకి అత్తగారు క్యారియరు తెచ్చి, గిన్నెలు విడదీస్తూ కోడలి మొహం చూసింది.

"ఏంటమ్మాయ్, మూడు రోజులుగా ముద్ద దిగట్లేదు నీకు. వంట బాగోలేకపోతే చెప్పు, వాడికి పెట్టేస్తాను."

ఖాతాకి తాళం పడింది, జుట్టు బ్రష్షు పోతోంది అని చెప్పింది మెరుగులక్క. జుట్టు రాలిపోయిన ఆ అమ్మాయి ఉత్తరం కూడా వాటితో పాటే పోతుంది అని చెప్పింది. డైరెక్టరు మాటలు చెప్పింది. అత్తగారి ముక్కుపుటాలు అదిరాయి.

"నా జుట్టు నెత్తిన పెట్టుకుని నా కోడల్ని దొంగంటాడా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. రుజువేం కావాలట?"

కోడలు భర్తను చూసింది. భర్త గోడను చూశాడు. ఇక దాచి లాభం లేదని మెరుగులక్క స్క్రీను మీద పాయను పెద్దది చేసి, చూపుడువేలితో చూపించింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గరిటె గిన్నెలో పెట్టి, వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది. క్యారియరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"అయిపోయింది, ఇంక మనిద్దరం ఇంటికెళ్ళక్కర్లేదు. ఈ ఫ్లెక్సులు కప్పుకుని ఇక్కడే పడుకోవడమే," అన్నాడు భర్త. వెళ్ళారు గానీ, ఆ సాయంత్రం అత్తగారి గది తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకి అత్తగారు బూట్లు వేసుకుని షాపుకొచ్చింది. ఆవిడ బూట్లు వేసుకునేది ఆసుపత్రికే. రిటైరయ్యాక వాటిని బయటికి తీసింది ఇదే మొదలు. చేతిలో గుండ్రటి బిస్కెట్ల డబ్బా.

"పద," అంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"నువ్వు మంచినీళ్ళు తాగకుండా వచ్చావట కదా. నేను తాగి వద్దామని."

ఆ రోజు రెండో అంతస్తులో కొత్తవాళ్ళకి ఉచిత డెమో క్లాసు. పాతికమంది కూర్చున్నారు. కొన్న సరుకు గురించి తనూ నిలదియ్యాలని ఫొటోగ్రాఫరు కూడా ఫోను చేతపట్టుకుని వెంట వచ్చాడు. అత్తగారు నేరుగా ముందు వరుసలోకి వెళ్ళి కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషిని లెమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. డైరెక్టరు మెరుగులక్కను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, ఇంతమంది ముందు ఏం చేస్తుందిలే అనుకున్నాడు. పెద్ద తెర మీద జుట్టు బ్రష్షు తెరిచి, పాఠం మొదలుపెట్టాడు.

"ఇది మా గర్వకారణం. మూడు నెలలు. ఒక్కో వెంట్రుకా చేత్తో గీశాం."

"బాబూ," అంది అత్తగారు. "కాస్త పెద్దది చెయ్యి. చూపు ఆనట్లేదు."

చేశాడు.

"ఇంకాస్త."

చేశాడు.

"ఇంకొక్క పిసరు. ఆఁ, అక్కడ ఆపు. చక్కగా గీశావు నాయనా. ఎడమ చేతి పక్క ఆ వెంట్రుకకి ఏదో బుడిపె ఉందే, అదేంటి?"

డైరెక్టరు తెరవైపు తిరిగాడు. అంత పెద్దది చేసి ఆయన కూడా ఎప్పుడూ చూడలేదని ఆయన వీపే చెప్పింది. కానీ నేర్చినవాడు కదా, తడుముకోలేదు.

"మంచి ప్రశ్న అమ్మా. అది మా సంస్థ గుర్తు. ఎవరైనా దొంగిలిస్తే పట్టుకోవడానికి కావాలనే గీశాం."

"అలాగా. ఏ ఆకారంలో గీశారు?"

"అది... కన్నీటి బొట్టు. సృజన వెనక ఉన్న కష్టానికి గుర్తు."

పాతికమందీ పుస్తకాల్లో కన్నీటి బొట్టు అని రాసుకున్నారు. అత్తగారు లేచి నిలబడింది. గొంతు ఎత్తలేదు. వార్డులో ఆరోగ్యం బాగోలేనివాళ్ళ మధ్య నలభై ఏళ్ళు పనిచేసిన గొంతు, ఎత్తకపోయినా ఆఖరి మంచం దాకా వినపడుతుంది.

"నలభై ఏళ్ళు ఆసుపత్రిలో తలలు దువ్వాను బాబూ. దాన్ని ఈపి అంటారు. అది నాది."

ఎవరూ నవ్వలేదు. అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ డబ్బా మూత తీసింది. లోపల గాజుగుడ్డ మడత, మడతలో నల్ల అట్ట, అట్ట మీద తెల్లటి పాయ, అటూ ఇటూ పసుపెక్కిన ఆసుపత్రి ప్లాస్టరు.

మెరుగులక్క లేచి దగ్గరికొచ్చింది. ఆ అట్టను తొమ్మిదేళ్ళ కిందట చెత్తబుట్టలో వేశాననే అనుకుంటోంది.

"జుట్టు అలా పారేస్తే కాళ్ళకి చుట్టుకుంటుందని నేనే తీసి దాచాను," అంది అత్తగారు కోడలితో. "దాచేటప్పుడే చూశాను దాన్ని. నువ్వు చూళ్ళేదనుకుని ఊరుకున్నాను. నువ్వేమో నేను చూళ్ళేదని ఊరుకున్నావు." తర్వాత క్లాసువైపు తిరిగింది. "ఆఖరి ఏడాది ఎనిమిదో నంబరు మంచం మీద ఒక మనిషి ఉండేది. మూడు వారాలు చూడ్డానికి ఎవరూ రాలేదు. తల అట్ట కట్టేసింది. ముట్టుకుంటే ఎక్కుతాయని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. దువ్వాను. నాకెక్కింది అక్కడ. మరి నీకెలా ఎక్కింది బాబూ?"

"స్కానరుందా ఇక్కడ?" అంది మెరుగులక్క.

లేకేం. ఆయన పాఠాల గదిలో మూలన కొత్తది మెరుస్తోంది. డైరెక్టరు "ఇది పద్ధతి కాదు, ఆఫీసులో మాట్లాడుకుందాం" అంటూనే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు ఫోను కెమెరా తెరిచి, "మాట్లాడండి సార్, వినపడేట్టు మాట్లాడండి" అన్నాడు. మెరుగులక్క అట్టను గాజు మీద పెట్టింది. వచ్చిన బొమ్మను తెర మీది బ్రష్షు మీదకి జరిపింది. ఆవిడ చేతికి ఆ పని కొత్తా? ఒకటి, రెండు, మూడు జరుపుళ్ళు. ప్రతి వెంట్రుకా వెళ్ళి తన వెంట్రుక మీద పడుకుంది. ఆఖర్న ఈపి వెళ్ళి ఈపి మీద, గుడ్డు మీద పెంకులా కూర్చుంది.

అప్పుడు నవ్వారు. మొదట వెనక బెంచీ, తర్వాత గదంతా. ఒకమ్మాయి తన పుస్తకంలో కన్నీటి బొట్టు కొట్టేసి సరైన మాట రాసుకుంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని సామెత; ఇక్కడ పెత్తనం లేకుండానే ఒక్క ఈపి ఆ పని చేసేసింది.

మెరుగులక్క నవ్వలేదు. ఆవిడ డైరెక్టరు ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఊరికే పెట్టాను కదా. ఊరికే తీసుకోవచ్చు. మీరు రోజూ వాడుకున్నా నేనేమీ అనేదాన్ని కాదు, మీ ఫొటోకి నేనే వచ్చి అతికించేదాన్ని. తీసుకున్నది చాలక, ఇచ్చినవాళ్ళనే బయటికి తోశారు. ఎందుకండీ?"

డైరెక్టరు సర్టిఫికెట్లవైపు చూశాడు. అవేమీ మాట్లాడలేదు.

"మంచినీళ్ళివ్వు బాబూ," అంది అత్తగారు. ఇచ్చాడు. మొత్తం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, బూట్లు టకటకలాడిస్తూ మెట్లు దిగింది.

ఫొటోగ్రాఫరు తీసిన వీడియో, స్కాను చేసిన అట్ట బొమ్మ ఆరో రోజు సాయంత్రం సైటుకి వెళ్ళాయి. దానికి జవాబు రెండు వాక్యాలు: మీ ఖాతా పునరుద్ధరించబడింది. మీ ఓపికకు ధన్యవాదాలు. తప్పు మాదే అన్న మాట లేదు. అబద్ధపు ఫిర్యాదు చేసినవాణ్ణి ఏమన్నారో తెలియదు. ఏమీ అనలేదనే తెలుస్తోంది. ఆయన సంస్థ అలాగే ఉంది, చలి అలాగే ఉంది. క్షమాపణ రాలేదు. అమ్మడం మాత్రం ఆపేశాడు. వారం తిరిగేసరికి హోర్డింగు మీద కొత్త ఫొటో వచ్చింది, అందులో ఆయన టోపీ పెట్టుకున్నాడు. ఆ టోపీ ఎవరు ఊరికే పెట్టారో వెతికి, వాళ్ళకి ఉత్తరం రాయాలని మెరుగులక్క అనుకుంటూనే ఉంది. కోపం ఇంకా తగ్గలేదు ఆవిడకి. తగ్గాలని కూడా లేదు.

ఖాతా తెరుచుకున్న రోజు మధ్యాహ్నం క్యారియరుతో అత్తగారు వచ్చేసరికి, కోడలు బ్రష్షును పెద్దది చేసి చెరుపుడు రబ్బరు పట్టుకుని ఉంది.

"ఏం చేస్తున్నావ్?"

"తీసేస్తున్నాను అత్తయ్యా. ఇప్పటికైనా శుభ్రం చేసి పెడదామని."

"ఉంచు."

"ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది కదా, ఇంకా ఎందుకు?"

"అందుకే ఉంచు. మళ్ళీ ఎవడైనా వస్తే అది అరుస్తుంది. కుక్కను కట్టేసుకుంటే తిండి పెట్టాలి, దానికి అదీ అక్కర్లేదు." గిన్నెలు విడదీసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ కాగితం తియ్యి. మూడు మాటలు రాస్తావే, అది. కింద ఇంకోటి రాయి."

మెరుగులక్క ఫైలు తెరిచింది. ‘మీ పేరు మాత్రం పెట్టుకోకండి’ దగ్గర కర్సరు మిణుకుమంటోంది.

"చెప్పండి."

అత్తగారు ముందు కోడలికి అన్నం వడ్డించింది.

"దువ్వుకుని వాడుకోండి, అని రాయి."